ఉప్పుకండ కోసం వెళ్ళండి, టిక్కాల జోలికి పోకండి

కర్నూల్లో కబాబులకేం కొదవ లేదు. నవాబులు ఏలిన ఊరు, పొద్దు గూకితే చాలు ఏదో ఒక బండి దగ్గర సీకుల మీద మాంసం కాలుతూనే ఉంటుంది. అందుకే ఊరి బయట కొత్తగా బొగ్గుల గ్రిల్ హోటల్ పెట్టారంటే నేనేం ఎగబడి పోలేదు. పైగా బోర్డు మీద 'సీమ రుచులు' అని రాసి పక్కన తలపాగా మనిషి బొమ్మ వేశారంటే లోపల దొరికేది మామూలు తందూరి చికెనే అని మనకు తెలియంది కాదు కదా. బెంగుళూరు నుంచి వచ్చిన మా తమ్ముడి పోరు పడలేక అమ్మను కూడా తీసుకుని పోయాను. మాది అనంతపురం జిల్లా, ఉరవకొండ వైపు పల్లె. ఇది ముందే చెప్పేస్తే నా మార్కులు ఎందుకిట్లా పడ్డాయో మీకు అర్థమవుతుంది.

మెనూలో నాకు ఆశ పుట్టించింది ఒక్కటే, ఉప్పుకండ. హోటళ్ళలో ఇది అరుదు, ఎందుకంటే ఆర్డర్ వచ్చాక చేసే సరుకు కాదు. పొట్టేలు మాంసాన్ని సన్నగా పొడుగ్గా కోసి, ఉప్పు, పసుపు, కారం పట్టించి, దారానికి గుచ్చి ఎండలో కట్టి, కాకులు పిల్లులు ఎత్తుకుపోకుండా కాపలా కాసి, గలగలమనేదాకా ఎండబెట్టాలి. ఫ్రిజ్‌లు లేని రోజుల్లో జాతరకు కొట్టిన పొట్టేలులో మిగిలింది ఇట్లానే దాచుకునేవాళ్ళు. మా అవ్వ పొయ్యిలో నిప్పులు పక్కకు లాగి వాటి మీద కాల్చి, రోట్లో రెండు పోట్లు వేసి పీచుపీచుగా చేసి చేతిలో పెట్టేది. వీళ్ళూ సరిగ్గా అదే చేశారు! గ్రిల్ అద్దం వెనకే ఉంది కాబట్టి నిలబడి చూశాను. మంట తగ్గి బొగ్గుల మీద తెల్లగా బూడిద పట్టేదాకా ఆ అన్న తునకలను ముట్టుకోనే లేదు, మంట మీద పెడితే పైన మాడి చేదెక్కుతుంది మరి. బూడిద పట్టాక వేసి, ఒకసారి తిప్పి, అంచులు ముడుచుకోగానే తీసి రోట్లో దంచి, పచ్చి ఉల్లిపాయ, నిమ్మబద్దతో పంపించాడు. ఏం బొగ్గన్నా అని అడిగితే "కంపబొగ్గేనన్నా, మీ అనంతపురం నుంచే వస్తాది" అన్నాడు. ఉప్పు ఎక్కువే, కానీ ఉప్పు తగ్గిస్తే ఎండేలోపే మాంసం వాసన కొడుతుంది, దాన్ని తప్పు పట్టను. నమలడానికి పళ్ళు గట్టిగా ఉండాలి, అదే బాగుంది. మా తమ్ముడు బీరు లేదని గొణుగుతూనే రెండో ప్లేటు చెప్పాడు.

కాల్చిన వంకాయ పచ్చడి కూడా అదే చేతి పని. తొక్క నల్లబడేదాకా నిప్పుల మీద కాల్చి, ఒలిచి, కాల్చిన పచ్చిమిరపకాయలు, చింతపండు, ఉల్లిపాయ వేసి ఎనిపారు. పక్కన చెనిక్కాయల ఊరుబిండి, అంటే వేరుశనగ పచ్చడి. మిక్సీలో మెత్తగా తిప్పేయకుండా పలుకుపలుకుగా దంచారు. హోటల్ తిండికి ఎప్పుడూ వంక పెట్టే మా అమ్మ మళ్ళీ అడిగి వేయించుకుంది, ఇంతకంటే సర్టిఫికెట్ నేనివ్వలేను.

సంగటి దగ్గరే దెబ్బ కొట్టారు. ముద్దలు ముందే కట్టి హాట్‌బాక్స్‌లో పెట్టినట్టున్నారు, పైన పొర కట్టి, తుంచితే వేళ్ళకు అతుక్కుంది. సంగటి నమిలేది కాదు, పులుసులో అద్ది మింగేది, అది గొంతులో ఆగితే ఇంకేం సంగటి? అమ్మ వేలితో నొక్కి చూసి "నూక ఉడకలేదప్పా" అనేసింది. సర్వర్ పిల్లోడు మాత్రం మారు మాట్లాడకుండా వెనక్కి తీసుకుపోయి వేడివేడిది తెచ్చాడు, అది కాస్త నయం.

నాటుకోడి గ్రిల్ అసలు పెట్టకుండా ఉండాల్సింది. నాటుకోడి పులుసులో నిదానంగా ఉడకాలి, నిప్పుల మీద బిగుసుకుపోతుంది. ఆ బిగువు విరగడానికి పచ్చి బొప్పాయి దండిగా పట్టించినట్టున్నారు, ముక్క మెత్తబడింది గానీ పిండి తిన్నట్టుంది, కోడి రుచే లేదు. రంగు కలపలేదు, బ్యాడిగి మిరపకాయ అన్నారు, నమ్మొచ్చు, ఎందుకంటే ఎర్రగా నిగనిగలాడుతోంది గానీ కారం లేదు. మా వైపు జనానికి ఇది మోసం కిందే లెక్క. మలై టిక్కా, చీజ్ సీకు, ఇంకేవో మయోనైజ్ పూసినవి ఉన్నాయి, అవి ఏ ఊళ్ళో తిన్నా ఒకటే.

అలంకారం గురించి ఒక మాట. గోడకు నాగలి తగిలించి, కూర్చోవడానికి నులక మంచాలు వేశారు. ఫోటోలకు బాగుంటాయి, తినడానికి కాదు. మంచం మీద నుంచి బల్ల మీదికి వంగి వంగి అమ్మకు నడుము పట్టేసింది, చివరికి కుర్చీ అడిగి తెప్పించుకున్నాం. పెద్దవాళ్ళతో పోతే ముందే లోపలి హాలు అడగండి, అక్కడ ఏసీ ఉంది, పాటల మోత కూడా తక్కువ.

ముగ్గురికీ బిల్లు పదిహేను వందల పైనే అయింది, తిన్నదానికి ఎక్కువేం కాదు, నాటుకోడి తీసేస్తే ఇంకా తగ్గేది. నేనైతే ఉప్పుకండ, వంకాయ పచ్చడి, జొన్నరొట్టె చెప్పి ఊరుకుంటాను. ముసురు పట్టిన రోజుల్లో పోయేటట్టయితే ఫోన్ చేసి కనుక్కుని పోండి, ఎండ లేకపోతే ఉప్పుకండ పెట్టరంట.