జ్యూరిక్‌లో నాలుగు రోజులు: హైట్లర్, లండన్‌లను వెతుక్కుంటూ

డిగ్రీ కాలేజీలో 29 ఏళ్లు కెమిస్ట్రీ చెప్పాను. హైడ్రోజన్ అణువు దగ్గరికి రాగానే బోర్డు మీద ‘హైట్లర్-లండన్, 1927’ అని రాసేవాణ్ణి. రెండు హైడ్రోజన్ పరమాణువులు ఎందుకు అతుక్కుంటాయో లెక్క కట్టి చూపిన ఇద్దరు శాస్త్రవేత్తల పేర్లవి. ప్రతి ఏడూ వెనక బెంచీలోంచి ఎవడో ఒకడు ‘హిట్లరా సార్?’ అనేవాడు. కాదురా, హిట్లర్ రాగానే దేశం వదిలిపోవాల్సి వచ్చినవాడు అని చెప్పేవాణ్ణి. ఆ ఇద్దరూ ఆ లెక్క కట్టిన ఊరు చూడాలని ఎప్పటి నుంచో కోరిక. రిటైరయ్యాక, జర్మనీలో ఉద్యోగం చేస్తున్న మా అమ్మాయి పుణ్యమా అని, జూన్‌లో మేం ముగ్గురం స్విట్జర్లాండ్‌లోని జ్యూరిక్ వెళ్లాం.

ముందు బస సంగతి చెప్పాలి, ఆ కోపం ఇంకా తగ్గలేదు. ఆన్‌లైన్‌లో ఆ అపార్ట్‌మెంట్ రాత్రికి 148 ఫ్రాంకులని చూపించారు. అప్పట్లో ఫ్రాంకు మనకు సుమారు 100 రూపాయలు. తీరా డబ్బు కట్టేటప్పుడు క్లీనింగ్ ఫీజు 95, దుప్పట్లకీ తువ్వాళ్లకీ మనిషికి 18 చొప్పున 54 కలిశాయి. మూడు రాత్రులకు మొత్తం 593. అంటే రాత్రికి 198 పడింది. సరిగ్గా పైకప్పు కింద గది. ఏసీ లేదు. అక్కడ చాలా ఇళ్లలో ఉండదు, దానికి తప్పు పట్టను. కానీ ఫొటోలో చూపించిన టేబుల్ ఫ్యాన్ ఏది? మధ్యాహ్నం మెసేజ్ పెడితే రాత్రి 9 గంటలకు జవాబొచ్చింది, అంతకుముందు దిగినవాళ్లు పాడు చేశారట. బయట 33 డిగ్రీలు. ఏటవాలు కప్పులో ఉన్న ఒక్క కిటికీ బెత్తెడు కంటే తెరుచుకోదు. మా ఆవిడ తడి తువ్వాలు నెత్తిన వేసుకుని, ‘ఇంట్లో ఫ్యాన్ కింద హాయిగా పడుకోక ఇంత దూరం ఎందుకండీ’ అంది. బుక్ చేసింది తనే కాబట్టి అమ్మాయి మొహం చిన్నబోయింది, పూటంతా మాట్లాడలేదు. వేసవిలో వెళ్లేవాళ్లు పైకప్పు కింద గది ఎంత చవకైనా తీసుకోకండి. చివరి బిల్లు పేజీ చూడకుండా రేటు నమ్మకండి.

రెండో రోజు మధ్యాహ్నం ఆ ఉక్కలో నిద్ర పట్టక దొర్లుతుంటే హైట్లర్ మాటే గుర్తొచ్చింది. చాలా ఏళ్ల తర్వాత ఒక ఇంటర్వ్యూలో ఆయన ఆ రోజు గురించి చెప్పాడు. వేసవి, పైగా ఫ్యోన్ వీస్తోంది. ఆల్ప్స్ మీంచి దిగే వేడి పొడి గాలి అది. ఆ చికాకులో పని సాగక, భోంచేసి మళ్లీ పడుకుని సాయంత్రం అయిదుకి లేచాడు. లేస్తూనే రెండు హైడ్రోజన్ పరమాణువుల తరంగ ప్రమేయాలు, అంటే ఎలక్ట్రాన్ ఎక్కడ ఉండొచ్చో చెప్పే గణిత రూపాలు, ప్లస్‌తో ఒకలా, మైనస్‌తో ఒకలా కలిసి, ఎలక్ట్రాన్లు ఒకదాని చోటికి ఒకటి మారుతూ కళ్ల ముందు కనబడ్డాయట. వెంటనే లండన్‌ని పిలిచాడు. రాత్రి పొద్దుపోయేదాకా కూర్చున్నారు. మర్నాటికల్లా హైడ్రోజన్ అణువు చేతికొచ్చింది. అప్పటికి హైట్లర్‌కు 23 ఏళ్లు, లండన్‌కు 27.

నేనూ అయిదింటికే మా ఆవిడనీ అమ్మాయినీ బయల్దేరదీశాను. ట్రామ్ దిగి, పోలీబాన్ అనే చిన్న ఎర్ర బండిలో గుట్ట మీదికి వెళ్లాం. యూనివర్సిటీ పక్కనే ఉన్న ఆ డాబా మీద గాలి తగలగానే మా ఆవిడ మొహం తేటపడింది. అమ్మాయి చెర్రీల పొట్లం విప్పింది. నేను రెండు చెర్రీలు రెండు చోట్ల పెట్టి మొదలుపెట్టాను. 1916లోనే లూయిస్ అనే అమెరికన్ కెమిస్టు రెండు ఎలక్ట్రాన్లకు గుర్తుగా రెండు చుక్కలు పెట్టి, ఇదే బంధం అన్నాడు. కానీ రెండు రుణావేశాలు వికర్షించుకోకుండా పరమాణువుల్ని ఎలా కలిపి ఉంచుతాయో ఎవరికీ అంతుబట్టలేదు. 1926లో ఇదే ఊళ్లో ష్రోడింగర్ అనే భౌతిక శాస్త్రవేత్త ఎలక్ట్రాన్ల తీరు చెప్పే తన సమీకరణం రాశాడు. మరుసటి ఏడు వీళ్లిద్దరూ దాన్ని హైడ్రోజన్ అణువుకు పెట్టి చూశారు. ఇక్కడి ఎలక్ట్రాన్ అక్కడా, అక్కడిది ఇక్కడా ఉండొచ్చు, రెంటికీ తేడా చెప్పలేం. ఆ రెండు వీలుల్నీ ప్లస్‌తో కలిపితే శక్తి తగ్గి పరమాణువులు అతుక్కుంటాయి, మైనస్‌తో కలిపితే విడిపోతాయి. ఆ పద్ధతిలో వచ్చే బంధశక్తి కొలిచినదాంట్లో మూడింట రెండొంతులే. అయినా జంట ఎలక్ట్రాన్ల బంధం అనేది సమీకరణంలోంచి బయటికి రావడం అదే మొదలు. అణువుల్ని ఇలా సమీకరణంతో లెక్కగట్టే క్వాంటం కెమిస్ట్రీ అక్కడే పుట్టిందంటాను నేను.

మా ఆవిడ చెర్రీలు అటూ ఇటూ మార్చి చూసింది. ‘అయితే ఏది ఎవరిదో చెప్పలేకపోవడం వల్లే కలిసి ఉంటాయన్నమాట’ అంది. ఇన్నేళ్లలో నా క్లాసులో ఎవరూ అంత సూటిగా చెప్పలేదు. అప్పుడే అమ్మాయి కూడా నవ్వింది.

మర్నాడు ‘క్వాంటం నడక’ అని పేరు పెట్టిన గైడెడ్ టూర్‌కి మనిషికి 35 చొప్పున 105 ఫ్రాంకులు పోశాం. రెండు గంటలూ ఐన్‌స్టీనే. ఆయన గొప్పతనం కాదనను. కానీ హైట్లర్, లండన్ సంగతి అడిగితే ఆ గైడ్ పేర్లే వినలేదు. ప్రాణం ఉసూరుమంది. దానికి పోయకండి, ట్రామ్ పాస్ కొనుక్కుని మీరే తిరగండి. నీళ్ల సీసా కూడా కొనకండి. ఊరంతా 1,200కు పైగా ఫౌంటెన్లున్నాయి, తాగే నీళ్లే.

తిండి మాత్రం బాగా కుదిరింది. 1898 నుంచి నడుస్తున్న హిల్ట్‌ల్ అనే శాకాహార హోటల్లో తూకం లెక్కన బఫే. 1951లో ఆ ఇంటి ఇల్లాలు ఢిల్లీలో శాకాహార మహాసభకు వచ్చి మన వంటలు పట్టుకెళ్లిందట. అన్నం, పప్పు, వంకాయ కూర దొరికాయి. మా ఆవిడ పళ్లెం 31 ఫ్రాంకుల 40. ఖరీదే, కానీ మూడు రోజుల తర్వాత ఆమె కడుపునిండా తిన్న భోజనం అది.

నాలుగో రోజు ఆరు గంటల రైలు ప్రయాణంతో జర్మనీలోని గోటింగెన్ చేరాం. 1927లోనే మాక్స్ బోర్న్, ఓపెన్‌హైమర్ అనే భౌతిక శాస్త్రవేత్తలు ఇక్కడ ఇంకో ముడి విప్పారు. ప్రోటాన్ ఎలక్ట్రాన్‌కి 1836 రెట్లు బరువు, కాబట్టి కేంద్రకాలు కదలవనుకుని ముందు ఎలక్ట్రాన్ల లెక్క తేల్చుకోవచ్చన్నారు. ఇప్పటికీ అణువుల లెక్కలు చాలావరకు అలాగే మొదలవుతాయి. హైట్లర్ కూడా తర్వాత ఇక్కడే బోర్న్ దగ్గర పనిచేశాడు. 1933లో యూదులన్న కారణంగా బోర్న్, హైట్లర్, లండన్ ముగ్గురి ఉద్యోగాలూ పోయాయి. భార్య యూదురాలని హాన్స్ హెల్‌మన్ అనే జర్మన్ శాస్త్రవేత్తకూ అదే గతి. అతను మాస్కో వెళ్లి, 1937లో ‘క్వాంటం కెమిస్ట్రీ’ పేరుతో పాఠ్యపుస్తకం వేశాడు. మరుసటి ఏడే స్టాలిన్ పోలీసులు కాల్చి చంపారు. హైట్లర్ మాత్రం 1949లో ప్రొఫెసర్‌గా జ్యూరిక్ తిరిగొచ్చాడు.

బోర్న్ సమాధి ఊరి శ్మశానంలో ఉంది, టికెట్ లేదు. రాతి మీద ఆయన సమీకరణం చెక్కారు. పి క్యూ మైనస్ క్యూ పి, ఈజ్ ఈక్వల్ టు హెచ్ బై టూ పై ఐ. ఆ హెచ్ అంటే క్వాంటం లెక్కల్లో వచ్చే ప్లాంక్ స్థిరాంకం. నేను వేలితో దాని మీద రాస్తూ చదివాను. మా ఆవిడ పక్కనున్న చెట్టు కింద రాలిన పువ్వు ఒకటి ఏరి ఆ రాయి ముందు పెట్టింది. ఆ రాత్రి దిగిన లాడ్జి ముగ్గురికీ టిఫిన్‌తో కలిపి 92 యూరోలు. కిటికీ పూర్తిగా తెరుచుకుంది.