ఆర్కెస్ట్రేషన్ కోర్సుకు డబ్బు కట్టబోతున్నారా? ఆగండి

అమీర్‌పేట వైపు ‘సింఫనీ ఆర్కెస్ట్రాకు సంగీతం రాయడం నేర్పుతాం’ అన్న బోర్డు చూసి ఎవరైనా చేరబోతుంటే, ముందు ఇది చదవండి. నేను ఆరు నెలల కోర్సుకు 48,000 కట్టి మునిగాను. 2025 మార్చిలో ఇళయరాజా లండన్‌లో సింఫనీ వినిపించాక నాకూ ఆ పిచ్చి పట్టింది, దాచేదేముంది.

క్లాసులో అంతా కంప్యూటర్ పనే. శాంపిల్ శబ్దాలు, అంటే ముందే రికార్డు చేసిన వాయిద్యాల శబ్దాలు పెట్టుకోవడం, వాల్యూమ్ సర్దుకోవడం. వింటే బ్రహ్మాండంగా ఉండేది, అందుకే అనుమానం రాలేదు. మూడు ట్రాంబోన్లు (గట్టిగా మోగే ఇత్తడి బాకాలు) మోగుతున్నా ఫ్లూట్ కింది స్వరాలు చక్కగా వినపడేవి. నిజం ఆర్కెస్ట్రాలో ఆ స్వరాలు మెత్తగా ఉంటాయి, ట్రాంబోన్ల కింద మునిగిపోతాయి. అక్కడ మౌస్ ఉండదు కదా.

బండారం బయటపెట్టింది మా వీధిలో పెళ్లి బ్యాండులో క్లారినెట్ వాయించే బాబాయి. నా స్కోరులో, అంటే అన్ని వాయిద్యాల స్వరాలూ కలిపి రాసినదాంట్లో, క్లారినెట్ వాయించాల్సిన పార్ట్ ప్రింట్ తీసిచ్చి, నేను కీబోర్డు పట్టుకున్నాను. ఒక్క స్వరమూ కలవలేదు. “ఒరేయ్, నాది బీ ఫ్లాట్ క్లారినెట్. నువ్వు సీ స్వరం రాస్తే దీంట్లో బీ ఫ్లాట్ స్వరం పలుకుతుంది. నాకు ఒక టోన్ పైకి రాసివ్వాలి. అయినా పదహారు బార్లు ఏకబిగిన రాశావు, ఊపిరెప్పుడు తీసుకోను?” అన్నాడు. ఫ్రెంచ్ హార్న్ అయితే మరీ దూరం, సీ రాస్తే కింది ఎఫ్ పలుకుతుంది. ఆరు నెలల్లో ఈ ముక్క చెప్పలేదు! అడిగితే సారు “సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది” అన్నారు. చూసుకుంటుంది, ఎక్కడ నొక్కాలో మనకు చెబితే.

‘స్పెషల్ మెటీరియల్’ అని ఇంకో 3,000 తీసుకుని ఇచ్చిన పీడీఎఫ్ ఏమిటంటే రష్యా స్వరకర్త రిమ్‌స్కీ కోర్సకోవ్ ఆర్కెస్ట్రేషన్ మీద రాసిన పాఠ్యపుస్తకం. 1913లో అచ్చయింది, పాత సంగీత పుస్తకాలు, స్కోర్లు పెట్టే ఐఎంఎస్‌ఎల్‌పీ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరుకుతుంది. పుస్తకం మాత్రం బంగారం. స్కోరు రాసుకోవడానికి మ్యూజ్‌స్కోర్ అనే సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే. ఇక చివర్లో ‘లైవ్ ఆర్కెస్ట్రా రికార్డింగ్’ అంటే ఇద్దరు వయొలిన్ వాళ్లు, ఒక కీబోర్డు.

చేరేముందు ఒకటే అడగండి: నేర్పే సారు రాసినదాన్ని మనుషులు వాయించిన రికార్డింగ్, స్వరాలు మార్చి రాసిన దాని హార్న్ పార్ట్ చూపించమని. నసిగితే లేచి వచ్చేయండి. బిల్లు లేకుండా ఎవరి సొంత నంబరుకో ఫోన్‌పే చేయకండి, నేను చేసిన తప్పు అదే. డబ్బు వెనక్కి అడిగితే వాట్సాప్‌లో బ్లాక్ చేశారు. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు పెట్టాను, పేమెంట్ స్క్రీన్‌షాట్లు పంపాను. ఇంకా ఏమీ తేలలేదు.

స్కోరు మొదటినుంచి తిరగరాస్తున్నాను. ముహూర్తాలు అయిపోయాక చూస్తానన్నాడు బాబాయి.