మొబైల్ యాప్ చేయించుకోబోతున్న రొయ్యల రైతులకు, మేత డీలర్లకు హెచ్చరిక: స్క్రీన్ బొమ్మలు చూసి వాయిదాలు కట్టకండి

భీమవరం చుట్టుపక్కల కాళ్ల, ఉండి, ఆకివీడు మండలాల్లో రొయ్యల చెరువులు చేస్తున్న రైతుల దగ్గరికీ, మేత డీలర్ల దగ్గరికీ ఈ మధ్య యాప్‌లు తయారుచేసే సంస్థల మనుషులు తరచుగా వస్తున్నారు. చెరువు లెక్కలన్నీ ఫోన్‌లోకి ఎక్కుతాయనీ, పెద్దగా చదువుకోనివారు కూడా సులువుగా వాడుకునేలా తీర్చిదిద్దుతామనీ చెబుతున్నారు. మా ఊళ్ల రైతులం కొందరం కలిసి అలాంటి ఒక సంస్థకు పని అప్పగించి, ఒప్పుకున్న సొమ్ములో చాలా భాగం చెల్లించిన తరువాత, చెరువు గట్టు మీద ఎందుకూ పనికిరాని యాప్‌ను అందుకున్నాము. వివాదం ఇంకా తేలలేదు కాబట్టి ఆ సంస్థ పేరు రాయడం లేదు. పైగా ఇదే పద్ధతిలో వ్యాపారం చేసేవారు ఆ ఒక్కరే కారు. కాబట్టి ఆ పద్ధతి ఎలా ఉంటుందో వివరంగా చెబుతాను.

మేము అడిగింది పెద్ద పనేమీ కాదు. వనామీ రకం రొయ్యల చెరువులో సాధారణంగా రోజుకు నాలుగు పూటలు మేత వేస్తారు. వేసిన తరువాత చెక్ ట్రే (మేత ఎంత తిన్నాయో చూడడానికి నీటిలో ఉంచే పళ్లెం) ఎత్తి, మేత మిగిలిందా, రొయ్యకు పేగు నిండిందా అని చూసి, తరువాతి పూట మేత పెంచాలో తగ్గించాలో నిర్ణయిస్తారు. నీటిలో కరిగి ఉండే ఆక్సిజన్‌ను మనం డీవో అంటాము. పగలు ఎండలో ఆక్సిజన్ ఇచ్చే నీటిలోని సూక్ష్మ నాచు, చీకటి పడ్డాక అదే ఆక్సిజన్‌ను తీసుకుంటుంది కనుక తెల్లవారుజాముకు డీవో అన్ని వేళలకన్నా తక్కువగా ఉంటుంది. అది లీటరుకు 4 మిల్లీగ్రాముల కంటే దిగజారితే రొయ్య ఇబ్బంది పడుతుంది. ఇంకా పడిపోతే చెరువే పోవచ్చు. ఈ అంకెలను చెరువు మీద ఉండే మనిషి పుస్తకంలో రాస్తాడు, ఆ పుస్తకం షెడ్డులో ఉంటుంది, యజమాని ఊళ్లో ఉంటాడు. గట్టు మీద నమోదు చేసిన అంకె వెంటనే యజమానికీ, టెక్నీషియన్‌కూ కనిపించాలన్నది మా కోరిక.

ఆ సంస్థవారు చల్లని గదిలో పెద్ద స్క్రీన్ మీద చూపించిన డిజైన్ నిజంగా అందంగా ఉంది. లేత నీలం రంగు, గుండ్రని బొమ్మలు, కదిలే గ్రాఫులు చూసి మా అందరికీ నచ్చింది. వారు రాసి తెచ్చిన ఒప్పందం ప్రకారం సంతకం రోజున సగం సొమ్ము, ఈ బొమ్మలు ఆమోదించిన రోజున మరో 30 శాతం, యాప్ అప్పగించిన రోజున మిగిలిన 20 శాతం చెల్లించాలి. ఈ హెచ్చరికలో మీరు ముందుగా గమనించవలసినది ఈ ఏర్పాటునే. ఫోన్‌లో ఒక్క బటనైనా పనిచేయకముందే 80 శాతం సొమ్ము వారి చేతికి చేరుతుంది. ఆ తరువాత మీరు ఏ లోపం చూపించినా దాన్ని సరిదిద్దడానికి వారిని కదిలించగలిగేది మిగిలిన 20 శాతమే. బొమ్మ గీయడం డిజైన్‌లో ఒక భాగమేనని, ఆ బొమ్మను వాడేవారి చేతిలో పెట్టి చూడడం అంతకంటే ముఖ్యమైన భాగమని తెలిసిన సంస్థ వాయిదాలను ఇలా కోరదు.

వచ్చిన యాప్ మా కోసం మొదటి నుంచి తయారుచేసినది కాదు. ఇంటికి సరుకులు చేరవేసే వ్యాపారాల కోసం బజారులో దొరికే సిద్ధమైన కోడ్‌ను కొని, రంగులు, పేర్లు మార్చి ఇచ్చారు. ఈ విషయం మొదటి రోజే బయటపడింది, ఎందుకంటే మేత లెక్క నమోదు చేయబోతే యాప్ డెలివరీ చిరునామా అడిగింది. ఆ పెట్టెలో ఏదో ఒకటి రాయకపోతే ముందుకు వెళ్లనివ్వదు. సిద్ధంగా ఉన్న కోడ్ వాడడం తప్పు కాదు, దానివల్ల ఖర్చు తగ్గుతుంది కూడా. అయితే ఆ సంగతి ముందే చెప్పి, ధర అందుకు తగ్గట్టు తగ్గించి, పనికిరాని భాగాలను తీసేసి ఇవ్వాలి. మా దగ్గర వసూలు చేసింది మాత్రం పూర్తిగా కొత్తగా తయారుచేసే పనికి అయ్యే ధర.

గట్టు మీద ఏం జరిగిందో కొంచెం దగ్గరగా చెప్పాలి. తెల్లవారుజామున మీటరు ముంచి డీవో చూసే కుర్రాడి ఒక చేతిలో టార్చిలైటు, మరో చేతిలో ఫోను ఉంటాయి, వేళ్లు తడిగా ఉంటాయి. అతను డీవో గడిని తాకితే అంకెల కీప్యాడ్‌కు బదులు అక్షరాల కీబోర్డు వస్తుంది. అందులో అంకెలున్న చోటికి వెళ్లి, చుక్క వెతికి 4.5 అని కొట్టాలి. చుక్క తప్పిపోయి 45 పడితే యాప్ మారుమాట లేకుండా తీసుకుంది. ఏ చెరువు నీటిలోనూ అంత ఆక్సిజన్ ఉండదు. ఈ గడిలో ఇంతకు మించిన అంకె రాకూడదన్న హద్దు పెట్టడం ప్రోగ్రామర్‌కు కొద్ది నిమిషాల పని. ఆ ఒక్క 45 వల్ల నెల మొత్తం గ్రాఫు అడుగుకు అణిగిపోయి, మిగిలిన రోజుల హెచ్చుతగ్గులు కంటికి కనిపించకుండా పోయాయి.

తెలుగు అక్షరాల విషయం ఇంకా బాధాకరం. బటన్ ఎత్తును ఇంగ్లీషు అక్షరాలకు సరిపోయేంతే ఉంచి, అందులో తెలుగు నింపారు. మన లిపిలో గుణింతాలు పైకి, ఒత్తులు కిందికి సాగుతాయి కాబట్టి వరుసకు ఎక్కువ ఎత్తు కావాలి. ఆ ఎత్తు లేక ఒత్తులు తెగిపోయి, ‘ఎక్కువ’, ‘తక్కువ’ అనే రెండు బటన్లు ‘ఎకువ’, ‘తకువ’ అని కనిపించాయి. రెండింటికీ ఒకటే రంగు, రెండూ పక్కపక్కనే, రెండూ చిన్నవే. ఆండ్రాయిడ్ కోసం గూగుల్ సూచించే కనీస బటన్ పరిమాణం 48 డీపీ, అంటే సుమారు 9 మిల్లీమీటర్లు. ఇక్కడ ఉన్నవి అందులో సగం కూడా లేవు. మేత పెంచవలసిన చోట తగ్గించమని, తగ్గించవలసిన చోట పెంచమని నమోదైతే నష్టం మేత బస్తాలతో ఆగదు. మిగిలిన మేత అడుగున కుళ్లి అమ్మోనియా పెరుగుతుంది. మధ్యాహ్నం ఎండలోనైతే తెల్లటి వెనుకరంగు మీద లేత బూడిద అక్షరాలు అసలు కనిపించలేదు. వెబ్ ప్రమాణాలను రూపొందించే డబ్ల్యూ3సీ మార్గదర్శకాలు మామూలు అక్షరాలకూ వెనుకరంగుకూ మధ్య వెలుగులో కనీసం 4.5:1 తేడా ఉండాలని చెబుతున్నాయి. దాన్ని కొలిచే ఉచిత సాధనాలు ఎవరికైనా అందుబాటులో ఉన్నాయి కనుక డిజైన్ చూపించిన రోజే కొలిచి చూపించమని అడగవచ్చు.

నెట్‌వర్క్ లేని చోట యాప్ పూర్తిగా చతికిలబడింది. కొల్లేరు వైపు చెరువుల దగ్గర సిగ్నల్ వస్తూ పోతూ ఉంటుందని మొదటి సమావేశంలోనే చెప్పాము. అయినా నమోదు చేసిన అంకెను ముందు ఫోన్‌లోనే దాచుకుని, సిగ్నల్ వచ్చినప్పుడు సర్వర్‌కు పంపే ఏర్పాటు చేయలేదు. ఇందుకోసం కొత్తగా కనిపెట్టవలసినది కూడా ఏమీ లేదు, ఎస్‌క్యూలైట్ అనే డేటాబేస్ ఆండ్రాయిడ్‌లోనే ఉంటుంది. అది వాడకపోవడంతో స్క్రీన్ మీద చక్రం తిరుగుతూ ఉండిపోయేది. విసుగొచ్చి యాప్ మూసేస్తే రాసినదంతా పోయేది. దీనికి తోడు తెరిచిన ప్రతిసారీ ఓటీపీ అడిగేది. పగటి మనిషి, రాత్రి మనిషి ఒకే ఫోను పంచుకునే చోట, ఎస్సెమ్మెస్ కూడా సరిగా రాని చోట, ఇంతకంటే పెద్ద అడ్డంకి ఉండదు. కొద్దికాలానికే అందరూ మళ్లీ పుస్తకం తీశారు.

ఇవన్నీ చెబితే సంస్థ నుంచి వచ్చిన సమాధానం ఒక్కటే: ఇవి లోపాలు కావు, అదనపు మార్పులు, వీటికి వేరే బిల్లు అవుతుంది. ఒప్పందంలో ‘వాడేందుకు సులువైన యాప్’ అని మాత్రమే ఉంది. సులువంటే ఏమిటో ఎక్కడా లేదు. కాబట్టి మీ ఒప్పందంలో కొలవగలిగే మాటలు రాయించుకోండి. చెరువు మీద పనిచేసే మనిషి, ఎవరి సాయమూ లేకుండా, తన సొంత పాత ఫోన్‌లో, ఒక పూట మేత లెక్కను ఒక నిమిషంలోపు నమోదు చేయగలగాలి అని రాయించవచ్చు. నెట్ ఆపేసి నమోదు చేసిన అంకెలు నెట్ వచ్చాక ఒక్కటీ పోకుండా సర్వర్‌కు చేరాలి అని రాయించవచ్చు. ఆ పరీక్ష నెగ్గిన తరువాతే పెద్ద వాయిదా చెల్లిస్తామని రాయించవచ్చు. వాడుక సౌలభ్యంపై విస్తృతంగా పనిచేసిన జేకబ్ నీల్సన్, ఐదుగురితో పరీక్షిస్తే సుమారు 85 శాతం ఇబ్బందులు బయటపడతాయని 2000లో రాశారు. ఐదుగురు మేత కుర్రాళ్లను, ఒక గట్టును, ఒక పూటను కేటాయించడం మన ప్రాంతంలో ఎవరికీ కష్టం కాదు. అయితే ఆ సమయంలో సంస్థవారు పక్కన నిలబడి ‘ఇక్కడ నొక్కు’ అని చెప్పకుండా చూడాలి.

ఇక అన్నిటికన్నా ప్రమాదకరమైన విషయం. యాప్‌ను ప్లే స్టోర్‌లో మా పేరు మీద కాకుండా తమ సొంత ఖాతా నుంచి పెట్టారు. మీ పేరు మీద పెడితే చాలా ఆలస్యమవుతుందని వారు కారణం చెప్పారు. 2023 నవంబరు 13 తరువాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు గూగుల్ ఒక నిబంధన పెట్టిన మాట నిజమే: యాప్‌ను అందరికీ విడుదల చేసే ముందు కనీసం 12 మంది వరుసగా 14 రోజులు పరీక్షకులుగా ఉండాలి. కానీ ఆలోచించండి, ఆ 12 మందీ మన చెరువుల మీద పనిచేసేవారే అయితే మనకు కావలసిన పరీక్ష అదే కదా. డెవలపర్ ఖాతాకు గూగుల్ తీసుకునేది ఒక్కసారి 25 డాలర్లు మాత్రమే. ఆపిల్ ఫోన్లకు కూడా కావాలంటే ఏడాదికి 99 డాలర్లు. ఈ కొద్ది మొత్తం ఆదా చేస్తామని చెప్పి ఖాతాను తమ దగ్గర ఉంచుకోవడమంటే, మన డబ్బుతో ఇల్లు కట్టి పట్టా మేస్త్రీ పేరు మీద రాయించుకోవడమే. ఒక ఖాతా నుంచి మరో ఖాతాకు యాప్‌ను మార్చే వీలు గూగుల్ ఇస్తుంది, వాడుకదారులు, రివ్యూలు అన్నీ దానితోపాటే వస్తాయి; కానీ ఆ మార్పును మొదలుపెట్టవలసినది పాత ఖాతాదారే. ఆ పని చేయడానికి మమ్మల్ని వేరే సొమ్ము అడుగుతున్నారు.

నిర్వహణ రుసుమును నేను తప్పుపట్టడం లేదు. యాప్‌లు ఏ ఆండ్రాయిడ్ వెర్షన్‌కు తగ్గట్టు ఉండాలో గూగుల్ ఏటేటా పెంచుతూ వస్తోంది. 2025 ఆగస్టు 31 నుంచి కొత్త యాప్‌లకూ, అప్‌డేట్‌లకూ అది ఆండ్రాయిడ్ 15 అయింది. కనుక ఏటా కొంత పని ఉంటుంది, దానికి డబ్బు అడగడం న్యాయం. ఆ పని ఎవరితో చేయించుకోవాలో ఎంచుకునే స్వేచ్ఛ మనకు ఉండాలి, అది లేకుండా చేయడమే అన్యాయం. ప్లే స్టోర్ ఖాతా, సర్వర్, డొమైన్, ఓటీపీలు పంపే ఎస్సెమ్మెస్ నమోదు అన్నీ మొదటి రోజు నుంచే మీ ఈమెయిల్, మీ పేరు మీద ఉండాలి. సంస్థకు పని చేసుకునే అనుమతి మాత్రం ఇవ్వండి.

డబ్బిచ్చాము కనుక కోడ్ మనదే అవుతుందని చాలామంది అనుకుంటారు. చట్టం అలా చెప్పదు. 1957 నాటి కాపీరైట్ చట్టంలో కంప్యూటర్ ప్రోగ్రామ్ సాహిత్య రచనల కోవలోకి వస్తుంది. జీతానికి పనిచేసే ఉద్యోగి రాసినది యజమానికి చెందుతుంది గానీ, బయటి సంస్థ రాసిన కోడ్‌కు సాధారణంగా ఆ సంస్థే తొలి హక్కుదారు. హక్కు మీకు రావాలంటే 19వ సెక్షన్ ప్రకారం సంతకంతో కూడిన రాతపూర్వక బదిలీ ఉండాలి. అందులో కాలపరిమితి రాయకపోతే ఐదేళ్లకే పరిమితమవుతుంది, ప్రాంతం రాయకపోతే భారతదేశానికే పరిమితమవుతుంది. కాబట్టి ఈ రెండూ స్పష్టంగా రాయించి, కొన్న సిద్ధమైన కోడ్ ఏదైనా ఉంటే దాని లైసెన్సు కాగితం కూడా అడిగి తీసుకోండి.

యాప్ అడిగే అనుమతులనూ చూడండి. మా యాప్ ఫోన్‌లోని పేర్ల జాబితాను, ఎల్లవేళలా లొకేషన్‌ను అడిగింది. మేత లెక్కకు ఈ రెండింటితో పనేమీ లేదు. ఏ చెరువులో ఎన్ని టన్నులు ఉన్నాయి, ఎంత కౌంట్‌కు (కిలోకు ఎన్ని రొయ్యలు) వచ్చింది, పట్టుబడి ఎప్పుడు అనే సమాచారం కొనుగోలుదారులకు ముందే తెలిస్తే ధర దగ్గర రైతు చేతులు కట్టేసినట్టే అవుతుంది. మా సమాచారం ఎవరికైనా చేరిందని నేను ఆరోపించడం లేదు. దాన్ని మరొకరికి ఇవ్వకూడదన్న షరతు మాత్రం వారి ఒప్పందంలో ఒక్క వాక్యమైనా లేదు.

ఇప్పటికే చిక్కుకున్నవారు వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు. కానీ 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వాణిజ్య అవసరానికి తీసుకున్న సేవలను పక్కన పెడుతుంది. స్వయం ఉపాధితో జీవనోపాధి పొందేవారికి మినహాయింపు ఉన్నా, పెద్ద విస్తీర్ణంలో చెరువులు చేసేవారికి, డీలర్లకు అది వర్తిస్తుందా అన్నది వాదనకు దిగే విషయమే. అందుకే ముందుగా న్యాయవాదిని కలవండి, సంస్థతో జరిగిన సంభాషణలన్నీ ఫోన్‌లో కాకుండా ఈమెయిల్‌లో జరపండి, లోపాలను తేదీలతో స్క్రీన్‌షాట్లు తీసి ఉంచండి.

డిజైన్ ఆమోదం పేరుతో రెండో వాయిదా అడుగుతున్న దశలో ఉన్నవారు ఆ సొమ్మును ప్రస్తుతానికి ఆపండి. ఫోన్‌లో నడిచే ఏపీకే ఫైలు ఒకటి అడగండి, అందులో మేత నమోదు ఒక్కటి పనిచేస్తే చాలు. దాన్ని మీ చెరువు మీద మనిషి పాత ఫోన్‌లో వేసి, నెట్ ఆపి, మిట్టమధ్యాహ్నం గట్టు మీద నిలబెట్టి వాడించి చూసిన తరువాతే ఆ వాయిదా గురించి మాట్లాడండి.