పది సాయంత్రాలకు ఒక్క వక్తా, రకానికొకరా? ఏది మేలు?

వేసవి సెలవులు అయిపోగానే మా ఊరి గ్రంథాలయంలో శనివారం ఉపన్యాసాలు మళ్లీ మొదలుపెడుతున్నాం. మొత్తం పది సాయంత్రాలు. అంతకు మించి డబ్బు లేదు. ఎవరిని పిలవాలన్న దగ్గరే కమిటీలో మాట కలవడం లేదు. మా పెద్దాయన ఒకరు, పేరున్న పండితుణ్ణి ఒక్కరినే పిలిచి పది రోజులూ భారతం చెప్పిద్దామంటారు. కాలేజీలో పాఠాలు చెప్పే మేడం, నీళ్ల గురించో వ్యవసాయం గురించో ఒకే విషయం తీసుకుని పదిమందితో మాట్లాడిద్దామంటారు. నా మనసు కలగూరగంప జాబితా మీద ఉంది: పాముకాటుకు వైద్యం చేసే డాక్టరు, చేనేత కార్మికుడు, భూగర్భ జలాల నిపుణుడు, ఆకాశం చూపించే సైన్సు టీచరు, ఒక పురాణ పండితుడు.

పెద్దాయన మాటలో బలం ఉంది. ఒక్కరే రోజూ చెబితే వినేవాళ్ల చెవి ఆ గొంతుకు, ఆ నడకకు అలవాటు పడుతుంది. "నిన్న ఎక్కడ ఆపాం?" అని పౌరాణికుడు అడిగితే ముందు వరుసలో ఆడవాళ్లు టక్కున చెప్పేస్తారు. నిన్నటిది గుర్తుంటేనే ఈరోజుది అర్థమవుతుంది కాబట్టి మనిషి రాకుండా ఉండలేడు. లోతుకు వెళ్లాలంటే ఇంతకన్నా మంచి దారి లేదు.

ఈ విషయంలో నాకు ఎప్పుడూ కరెంటు మీద పరిశోధనలు చేసిన శాస్త్రవేత్త మైకేల్ ఫారడే గుర్తొస్తాడు. లండన్‌లో పుస్తకాలు బైండింగ్ చేసే దుకాణంలో పని నేర్చుకుంటున్న కుర్రాడు. దుకాణానికి వచ్చే ఒకాయన టికెట్లు ఇస్తే, 1812లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ అనే సైన్సు సంస్థలో రసాయన శాస్త్రవేత్త హంఫ్రీ డేవీ చెప్పిన నాలుగు ఉపన్యాసాలు విన్నాడు. విన్నదంతా శుభ్రంగా రాసి, బొమ్మలు వేసి, తనే బైండ్ చేసి డేవీకి పంపాడు. మరుసటి ఏడాది అక్కడే సహాయకుడిగా ఉద్యోగం దొరికింది. డేవీ ఒక్క సాయంత్రం మాట్లాడి వెళ్లిపోయి ఉంటే ఆ పుస్తకం తయారయ్యేదా? నాకు నమ్మకం లేదు. ఒకే మనిషిని నాలుగు సార్లు వినడం వల్లే ఆ కుర్రాడికి అంత పట్టు దొరికిందనుకుంటాను.

కానీ ఒక్క వక్త పద్ధతిలో ఒక చిక్కు ఉంది, దాన్ని నేను కళ్లారా చూశాను. రెండేళ్ల కిందట వారం రోజుల ప్రవచనం పెట్టాం. చాలా బాగా చెప్పారు, తప్పు పట్టడానికి లేదు. అయితే వారమంతా అవే ముఖాలు. మొదటి రోజు రానివాళ్లు ఆరో రోజు రారు, మధ్యలో వస్తే ఏం అర్థమవుతుందని. పక్క గదిలో గ్రూప్స్ పరీక్షలకు చదువుకునే పిల్లలు పొద్దుటి నుంచి రాత్రి దాకా అక్కడే ఉంటారు. వారంలో ఒక్కరంటే ఒక్కరు కూడా లేచి ఈ గదిలోకి రాలేదు. వాళ్ల తప్పు కాదు, వాళ్లకోసం మేం ఏదీ పెట్టలేదు. ఊరందరి గ్రంథాలయంలో అది నాకు చాలా బాధ అనిపించింది.

మేడం చెప్పిన పద్ధతి కాగితం మీద అన్నింటికన్నా అందంగా ఉంటుంది. ఆచరణలో పదిమందీ ముందు పావుగంట ఒకే ఉపోద్ఘాతం చెబుతారు, ఎందుకంటే నిన్న వచ్చినవాళ్లు ఏం చెప్పారో వాళ్లకు తెలియదు. అందరినీ ముందే కూర్చోబెట్టి ఎవరేం చెప్పాలో పంచిపెట్టే మనిషి ఉంటే తప్ప కుదరదు. మాకు అలాంటి తీరిక ఉన్నవాళ్లు లేరు. అందుకే దీన్ని పక్కన పెట్టాను.

ఇక రకానికొకరు. ఫారడేనే చూడండి. తనకు పెత్తనం వచ్చాక, 1825లో, శుక్రవారం సాయంత్రం ఉపన్యాసాలు మొదలుపెట్టాడు. వారానికో వక్త, వారానికో విషయం. 1897లో అదే వేదిక మీద జనవరి 29న మన జగదీశ్ చంద్రబోస్ విద్యుత్ తరంగాల గురించి మాట్లాడారు. ఏప్రిల్ 30న జె.జె. థామ్సన్ పరమాణువు కన్నా చిన్న కణాలు ఉన్నాయని చెప్పారు, వాటినే మనం ఇప్పుడు ఎలక్ట్రాన్లు అంటున్నాం. శుక్రవారం అలవాటుగా వచ్చి కూర్చున్న మనిషికి ఒకే ఏడాది ఈ రెండూ వినే భాగ్యం కలిగింది. ఇంకా దగ్గరి ఉదాహరణ కావాలంటే పుణే ఉంది. జస్టిస్ మహాదేవ గోవింద రానడే 1875లో అక్కడ వసంత వ్యాఖ్యానమాల మొదలుపెట్టారు. ఎండాకాలం సాయంత్రాలు, రోజుకో వక్త, మాతృభాషలో. మనకు సరిపోయే నమూనా అదే.

కిందటి సంవత్సరం మేం చిన్నగా రెండు సాయంత్రాలు ఇలా చేసి చూశాం. మొదటిది చిటికి నేత గురించి. నేయకముందే నూలుకు ముడులు కట్టి రంగులద్దడం, ఆ తర్వాత మగ్గం మీద ఆ రంగులన్నీ కలిసి పువ్వుగా కనపడటం. మాకు దగ్గర్లోనే పుట్టపాక ఉంది, తేలియా రుమాలు అనే చిటికి బట్టకు పేరుపడిన ఊరు. అయినా చాలామందికి ఆ పని ఎలా జరుగుతుందో తెలియదు. ఆసు పోయడం అంటే నేతకు ముందు నూలును చేత్తో మేకుల మీద అటూ ఇటూ చుట్టడం; దాని గురించి నేత కార్మికుడు చెబుతుంటే గది నిశ్శబ్దమైపోయింది. ఒక్క చీరకు చెయ్యి వేల సార్లు అటూ ఇటూ తిరగాలి, భుజాలు పడిపోతాయి. తల్లి పడే ఆ నొప్పి చూడలేకే చింతకింది మల్లేశం ఆసు యంత్రం తయారుచేశారు. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

రెండోది పాముకాటు. చీరల ముచ్చట విందామని మొదటివారం వచ్చిన ఒకావిడ, అలవాటుగా రెండోవారం కూడా వచ్చింది. నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, చిన్నపింజరి, ఈ నాలుగింటి విషానికీ ఆసుపత్రిలో ఇచ్చే విరుగుడు మందు ఒకటేనని ఆ రోజే తెలిసింది. కట్లపాము రాత్రి కింద పడుకున్నవాళ్లను కరుస్తుంది. నొప్పి పెద్దగా ఉండదు, గాటు కూడా సరిగా కనపడదు. తెల్లారేసరికి కడుపులో నొప్పి అంటారు, కనురెప్పలు వాలిపోతుంటాయి. గ్యాస్ అనుకుని ఇంట్లోనే ఉండిపోతే ప్రాణం పోతుంది. ఆవిడ వెళ్తూ నాతో, "సారూ, ఇది మా ఇంటాయనకు కూడా చెప్పాలె, పొలం కాడ కిందనే పండుకుంటడు" అంది. పాముకాటు మీద సభ అని మాత్రమే ప్రకటిస్తే ఆవిడ వచ్చేది కాదు. కలగూరగంప వైపు నన్ను తిప్పింది ఆ ఒక్క మాటే.

లోపాలు లేవని కాదు. రకానికొకరు అంటే పదిసార్లు ఫోన్లు, పదిసార్లు బండి ఖర్చులు. వక్త ఎలా మాట్లాడతారో ముందు తెలియదు. ఒక సభలో ఇద్దరు వక్తలను పెడితే మొదటాయన గంటా నలభై నిమిషాలు మాట్లాడి, రెండో మనిషికి ఇరవై నిమిషాలు మిగిల్చారు. పైగా వేదిక మీదికి ఆహ్వానం, పరిచయాలు, శాలువాలు, వందన సమర్పణ. రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో శుక్రవారం వక్తకు పరిచయం ఉండదు. గంట కొట్టగానే మొదలుపెట్టాలి, గంటలో ముగించాలి. మనకు శాలువా కప్పకపోతే మనసు ఒప్పుకోదు, నాకూ ఒప్పుకోదు. ఆఖర్లో, అందరూ లేచే ముందు కప్పుదాం.

అన్నింటికన్నా పెద్ద లోపం లోతు లేకపోవడం. ఒక్క గంటలో బోరుబావి సంగతి ఏం చెప్పగలరు? మా వైపు అంతా నల్లరాయి. నీళ్లు పైన మెత్తబడిన పొరలోనూ, రాతి పగుళ్లలోనూ ఉంటాయి. పగులు తగలకపోతే ఎంత లోతు వేసినా దుమ్మే వస్తుంది. ఇది అర్థం కావాలంటే ప్రశ్నలు అడగాలి, తమ పొలం సంగతి చెప్పుకోవాలి. అప్పులు చేసి మూడో బోరు, నాలుగో బోరు వేసిన రైతుకు గంట ఉపన్యాసం చాలదు.

అందుకే నేను కమిటీ ముందు పెడుతున్నది ఇది: పదిమంది వద్దు, అయిదుగురు చాలు. ఒక్కొక్కరికి వరసగా రెండు శనివారాలు. మొదటి వారం ఉపన్యాసం. రెండోవారం అదే మనిషి, ఈసారి ప్రశ్నలు, చేతిపని. నేత ఆయన ఆసు తెస్తారు, మనం చెయ్యి తిప్పి చూస్తాం. టీచరుగారు గది వదిలి డాబా మీదికి తీసుకెళ్తారు. రకం పోదు, లోతు కొంతైనా దక్కుతుంది, వక్తలను వెతికి ఒప్పించే పని సగానికి దిగుతుంది. వారం మధ్యలో విన్నవాళ్లు ఇంట్లో చర్చించుకుని కొత్త ప్రశ్నలతో వస్తారు.

వరస కూడా ముఖ్యమే. జూన్‌లో మొదటి రెండు శనివారాలు డాక్టరుగారివి. విత్తనాలు వేసే పని ఊపందుకునేలోపు కట్లపాము సంగతి ఊరికి తెలియాలి. తర్వాతి రెండూ పెద్దాయన కోరిన భారతానికి. పద్దెనిమిది పర్వాలు కుదరవు, విరాటపర్వం ఒక్కటే చెప్పమంటాం. వానల కోసం మనవాళ్లు చదివించుకునే పర్వం అదే కదా. ఈ మాట చెప్పగానే పెద్దాయన నవ్వి సరేనన్నారు. మేడం ఇంకా ఒప్పుకోలేదు, ఆవిడకు బోరుబావుల రెండు శనివారాలు అప్పగించాలని నాకు ఉంది. పరీక్షలకు చదివే పిల్లల్లో ఇద్దరిని కుర్చీలు వేయడానికి అడిగాను, వస్తామన్నారు.