యామెల్‌తో ఏడేళ్లు: 21:30 కాస్తా 1290 అయిన కథ

కడపలో చిన్న షాపులకు బిల్లింగ్ ప్రోగ్రాములు రాసిస్తుంటాను, ఏడేళ్లుగా వాటి సెట్టింగ్స్ అన్నీ యామెల్ (సెట్టింగ్స్‌ను మామూలు టెక్స్ట్‌గా రాసుకునే పద్ధతి) ఫైల్లోనే. ఐదుకు మూడు స్టార్లు. ఇలాంటిదే ఇంకో పద్ధతి జేసన్‌లో కామెంట్ రాసుకునే వీలే లేదు, ఇందులో ‘దీన్ని ముట్టుకోవద్దు’ అని తెలుగులోనే రాసి పెట్టొచ్చు, ఓనరు కొడుకు కూడా చదువుకుంటాడు. రెండు స్టార్లు దానికే.

గొడవంతా పాత పద్ధతులతో. ప్రొద్దుటూరులో ఒక బట్టల షాపుకు పొద్దున 09:30కి, రాత్రి 21:30కి లెక్క మెసేజ్ పోవాలి. పొద్దునది పోతుంది, రాత్రిది పోదు. "ఏం సామీ, చీకటి పడితే నీ ప్రోగ్రామ్ కూడా నిద్రపోతాదా?" అని ఆయన ఫోను. రెండు రోజులు జుట్టు పీక్కున్నాక దొరికింది. యామెల్ పాత వెర్షన్ 1.1లో 21:30 అంటే టైమ్ కాదు, అరవైల లెక్కలో ఒక అంకె: 21 అరవైలు, పైన 30, వెరసి 1290. 09:30 ముందు సున్నా ఉంది కాబట్టి ఆ లెక్కకు చిక్కకుండా మాటగానే మిగిలిపోయింది.

2009లో వచ్చిన 1.2లో ఈ పిచ్చి తీసేశారు. కానీ నేను ప్రోగ్రాములు రాసే పైథాన్ భాషలో, యామెల్ చదవడానికి ఎక్కువ మంది వాడే పైయామెల్ లైబ్రరీ ఇప్పటికీ 1.1 లెక్కనే చదువుతుంది. తిట్టుకుని, 1.2 చదివే ఇంకో లైబ్రరీ రువామెల్‌కు మారి, అన్ని షాపులకూ ఒకే రాత్రి అప్‌డేట్ పంపేశా (బుద్ధి తక్కువై). మర్నాడు పదింటికల్లా నాలుగు ఫోన్లు, బిల్లు రెండేసి కాపీలు వస్తోందని. పాత ఫైళ్లలో డూప్లికేట్ ఎదురుగా ‘ఆఫ్’ అని ఉంది. 1.1కి అది ‘వద్దు’. 1.2కి అది ఉత్త మాట, పైథానేమో ఖాళీ కాని మాట ఏది కనపడినా ‘సరే’ అనుకుంటుంది. కనీసం ఎర్రర్ కూడా రాలేదు, అదీ నా టెన్షన్. పైయామెల్ వాళ్లు ఎందుకు కదలరో ఆ రోజు అర్థమైంది.

చివరికి రువామెల్‌లోనే దారి దొరికింది. ఫైలు మొదటి లైన్లో శాతం గుర్తు పెట్టి యామెల్ 1.1 అని, కింద మూడు అడ్డగీతలు రాస్తే ఆ ఒక్క ఫైల్ని పాత లెక్కలో చదువుతుంది. డాకర్ కంపోజ్ (యామెల్ ఫైలు చూసి ప్రోగ్రాములు నడిపే టూల్) వాళ్లు తమ ఫైళ్లలో వెర్షన్ లైనే అక్కర్లేదన్నారు, ఉంటే ఒక వార్నింగ్ ఇచ్చి ముందుకు పోతుంది. వాళ్లకు నడుస్తుందేమో, ‘ఆఫ్’ అర్థమే మారిపోయే చోట నాకు మాత్రం ఆ లైన్ ఉండాల్సిందే.

ఇప్పుడు పాత షాపులు 1.1లోనే ఉన్నాయి, 21:30ని మాటగానే చదివేలా దానికి కొటేషన్ మార్కులు తగిలించా. కొత్తవన్నీ 1.2, ట్రూ, ఫాల్స్ తప్ప ఇంకోటి రాయనివ్వను. ఆ రోజు ఖర్చయిన పేపర్ రోళ్ల డబ్బు మాత్రం ప్రొద్దుటూరు ఆయన ఏఎంసీలో (ఏడాది మెయింటెనెన్స్ డబ్బులో) పట్టుకున్నాడు.