సెట్ల చరిత్ర వెతికేవారి కోసం: స్టార్ ట్రెక్ ది నెక్స్ట్ జనరేషన్ బ్లూ-రే సంచిక

టెలివిజన్ సైన్స్ ఫిక్షన్ ధారావాహికల కోసం వేసిన సెట్లను ఎవరు, ఎలా రూపొందించారు, ఒకసారి వేసిన సెట్టును ఆ తరువాత ఏయే మార్పులతో ఎక్కడెక్కడ వాడుకున్నారు అని వెతికేవారికి చేతికందే ఆధారాలు చాలా తక్కువ. సెట్లను తీసేసి దశాబ్దాలు గడిచాయి. పనిచేసిన వారి జ్ఞాపకాలు ఒకదానితో ఒకటి పొసగవు. చివరికి నమ్మదగినదిగా మిగిలేది తెరమీద కనిపించే బొమ్మ ఒక్కటే, అది ఎంత స్పష్టంగా ఉంటే మన నిర్ధారణకు అంత బలం. ఈ దృష్టితో చూసినప్పుడు, 2012 నుంచి 2014 వరకు ఒక్కొక్క సీజనుగా వెలువడిన 'స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్' బ్లూ-రే సంచికను నేను వినోదం కోసం కొనే వస్తువుగా కంటే పరిశోధనకు పనికివచ్చే మూలాధారంగానే ఎక్కువ విలువైనదిగా భావిస్తున్నాను.

దీని ప్రత్యేకత తెలియాలంటే ఈ ధారావాహిక ఎలా తయారైందో తెలియాలి. 1987 నుంచి 1994 వరకు ప్రసారమైన ఈ ఏడు సీజన్లను 35 ఎం.ఎం. ఫిల్ము మీదే చిత్రీకరించినా, ఎడిటింగు, స్పెషల్ ఎఫెక్టుల మేళవింపు మాత్రం వీడియో టేపు మీద జరిగాయి. అందువల్ల ప్రసారంలోనూ, తరువాత వచ్చిన డీవీడీల్లోనూ ప్రేక్షకులు చూసింది వీడియో నాణ్యత గల బొమ్మనే. ఫిల్ములో దాగి ఉన్న వివరం ఎవరి కంటా పడలేదు. బ్లూ-రే కోసం అసలు నెగటివులను వెతికి తీసి, కొత్తగా స్కాన్ చేసి, పాత ఎడిటింగును షాటు తరువాత షాటుగా అనుసరిస్తూ ప్రతి ఎపిసోడునూ మళ్ళీ కూర్చారు. ఎఫెక్టులను కూడా అప్పటి ఫిల్ము ముక్కల నుంచే మళ్ళీ మేళవించారు. పాత వీడియోను సాగదీసి పెద్దది చేయడానికీ, ఈ పనికీ పోలికే లేదు.

ఫలితం ఎలాంటిదో చూడాలంటే కథ జరిగే ఎంటర్‌ప్రైజ్ అనే అంతరిక్ష నౌక బ్రిడ్జి (నౌకను నడిపే గది) మీద కన్సోలు (మీటల బల్ల) దగ్గరగా కనిపించే షాటు ఏదైనా ఆపి చూడాలి. ధారావాహిక గ్రాఫిక్ కళాకారుడు మైకేల్ ఒకూడా రూపొందించిన అక్కడి సమాచార ఫలకాలు నిజమైన కంప్యూటరు తెరలు కావు. పారదర్శకమైన ఫలకం మీద ముద్రించిన రేఖాచిత్రాలకు వెనుకనుంచి దీపాలు పెట్టి వెలిగించినవి. వాటి నున్నని ఉపరితలం మీద స్టూడియో దీపాలు ప్రతిబింబించకుండా కెమెరా బృందం అక్కడక్కడ నల్లని అట్టముక్కలు అతికించేది. డీవీడీలో ఈ ముక్కలు చీకట్లో కలిసిపోతాయి. బ్లూ-రేలో మాత్రం వాటి అంచులు కూడా తెలుస్తాయి. కథలో లీనమైన ప్రేక్షకుడికి ఇది లోపంగా తోచవచ్చు గాని, సెట్టును అధ్యయనం చేసేవారికి ఇంతకంటే మంచి ఆనవాలు దొరకదు. ముక్క ఎక్కడ అతికించారో చూస్తే, ఆ రోజు కెమెరా ఎటునుంచి చూసిందో, దీపం ఏ దిక్కున ఉందో ఊహించడానికి వీలు కలుగుతుంది. ఇంజనీరింగు విభాగంలో గోడమీద ఉండే నౌక నిలువుకోత చిత్రంలో కళాకారులు సరదాగా చేర్చిన బాతు బొమ్మ కూడా ఇప్పుడు వెతికితే దొరుకుతుంది. ఏ ఫలకాన్ని యథాతథంగా మరో చోట పెట్టారో, దేన్ని కొత్తగా ముద్రించారో తేల్చడానికి ఇలాంటి చిన్న గుర్తులే ఆధారం.

ఇక పునర్వినియోగం విషయం. ఈ సంచిక అసలు విలువ ఇక్కడే బయటపడుతుంది. హాలీవుడ్‌లోని పారమౌంట్ స్టూడియోలో 9వ నంబరు ఫ్లోరులో ఈ ధారావాహిక వాడుకున్న నడవాలు కొత్తగా కట్టినవి కావు. 1977లో 'ఫేజ్ టూ' అనే మరో స్టార్ ట్రెక్ టీవీ ధారావాహిక కోసం అక్కడ సెట్ల పని మొదలైంది. ఆ ధారావాహిక ఆగిపోయి, దాని స్థానంలో 1979 నాటి మొదటి స్టార్ ట్రెక్ చలనచిత్రం రావడంతో ఆ సెట్లనే పెద్ద తెరకు తగినట్టు మార్చారు. మరో ఎనిమిదేళ్ళకు మొదటి సీజను ప్రొడక్షన్ డిజైనర్ హెర్మన్ జిమ్మర్‌మన్ బృందం వాటికి కొత్త రంగులు, కొత్త కార్పెట్లు, కొత్త ఫలకాలు అమర్చి వేరే శతాబ్దపు నౌకగా చూపించింది. ఎంత రంగు మార్చినా నడవా వంపు మారదు, గోడ విభాగాలు కలిసే చోట అతుకు మారదు. 1979 చిత్రం బ్లూ-రేనూ ఈ మొదటి సీజనునూ పక్కపక్కన పెట్టి చూసినప్పుడు ఆ వంపు, ఆ అతుకులు కంటికి కనబడటం వేరు, పుస్తకంలో ఒక వాక్యంగా చదవడం వేరు.

నాకు మరీ ఇష్టమైన ఉదాహరణ పాత సినిమా బ్రిడ్జిది. 1979 చిత్రంలో పాత ఎంటర్‌ప్రైజ్ కోసం వాడిన ఆ సెట్టే 1982 నాటి రెండో చిత్రంలో కొద్ది మార్పులతో రిలయంట్ అనే శత్రువుల చేతిలోని నౌక బ్రిడ్జిగానూ కనిపించింది. ఈ ధారావాహిక తొలి ఎపిసోడులో అదే కొత్త ఎంటర్‌ప్రైజ్ యుద్ధకాలపు బ్రిడ్జి అయింది. అదే సీజనులోని 'ది బ్యాటిల్'లో పాడుపడిన స్టార్‌గేజర్ నౌక బ్రిడ్జిగా, 1989లో 'పీక్ పర్‌ఫార్మెన్స్'లో ఎనభై ఏళ్ళ నాటి హాథవే నౌక బ్రిడ్జిగా మళ్ళీ వచ్చింది. చివరి రెండు సందర్భాల్లో రచయితలు, కళాదర్శకులు ఒకే ఆలోచనతో పనిచేశారని నాకు అనిపిస్తుంది: కథలోని నౌక పాతది కనుక సెట్టు పాతదైనా నప్పుతుంది. ఖర్చు తగ్గించుకోవడానికి చేసిన పని కథకే బలమైంది. వెలుతురు తగ్గించడం వల్ల, పొగ వల్ల డీవీడీలో ఈ దృశ్యాలు మసకగా ఉంటాయి. నెగటివు నుంచి వచ్చిన బొమ్మలో మాత్రం నీడల లోపలి కన్సోలు గట్ల ఆకారం నిలబడి ఉంది, పోల్చి చూడటానికి అది సరిపోతుంది.

అధికారులు సమావేశమయ్యే గది మొదటి సీజనులో వైద్యశాల సెట్టునే మార్చి వాడినదని ఇదివరకే తెలిసిన విషయమే అయినా, రెండు గదుల దృశ్యాలనూ ఆపి చూసుకుంటూ సరిచూడటంలో గొప్ప తృప్తి ఉంది. అదే సమావేశపు గది గోడకు నాలుగో సీజను వరకు పాత ఎంటర్‌ప్రైజ్ నౌకల శిల్పాల వరుస ఉండేది, అయిదో సీజనులో అది పోయింది. తేదీ తెలియని నిశ్చల చిత్రం ఏదైనా చేతికి వచ్చినప్పుడు ఈ ఒక్క గుర్తుతో కాలాన్ని సగానికి కుదించవచ్చు. 1991 నాటి ఆరో చలనచిత్రంలో కథలోని గ్రహాల సమాఖ్య అధ్యక్షుడి కార్యాలయంగా కనిపించేది టెన్ ఫార్వర్డ్ అనే ఈ నౌకలోని విశ్రాంతి మందిరమే. సినిమా నుంచి టీవీకి వచ్చిన సెట్లు మళ్ళీ టీవీ నుంచి సినిమాకు వెళ్ళిన ఈ రాకపోకలను ఒకే నాణ్యతలో చూడగలగడం ఇప్పుడే సాధ్యమైంది.

1992 నాటి 'రెలిక్స్' ఎపిసోడును విడిగా ప్రస్తావించాలి. అందులో 1960ల నాటి తొలి స్టార్ ట్రెక్ ధారావాహికలోని బ్రిడ్జిని మళ్ళీ చూపించవలసి వచ్చినప్పుడు మొత్తం సెట్టు కట్టే స్తోమత లేక ఒక భాగం మాత్రమే కట్టారు. కెప్టెన్ కుర్చీని, ముందున్న కన్సోలును ఒక అభిమాని స్వయంగా తయారు చేసుకున్నవి తెచ్చి పెట్టారు. మిగతా బ్రిడ్జి కోసం పాత ధారావాహికలోని 'దిస్ సైడ్ ఆఫ్ పారడైజ్' ఎపిసోడులో మనుషులెవరూ లేని బ్రిడ్జి షాటును వాడుకున్నారు. ఒక సెట్టు కూలిపోయిన తరువాత దాని ఫిల్మునే సెట్టుగా వాడుకోవడం పునర్వినియోగంలో ఒక ప్రత్యేక జాతి. ఏది కట్టిన కర్ర, ఏది పాత ఫిల్ము అన్నది గుర్తించడానికి ఈ ఎపిసోడు మంచి అభ్యాసం.

లోపాలూ ఉన్నాయి. రెండో సీజను పని వేరే సంస్థ చేతుల్లో జరిగింది. ఆ సీజను రంగుల్లో, నీడల్లో మొదటి సీజనుకున్న నిలకడ నాకు కనిపించలేదు. గోడ రంగు మారిందా, లేక రంగుల సవరణలో తేడానా అన్న అనుమానం వచ్చినప్పుడు ఆ సీజనును ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. నెగటివు దొరకని కొద్ది షాట్లను పాత వీడియో నుంచే పెద్దవి చేసి చేర్చారు, అవి చూడగానే తెలిసిపోతాయి. అంతరిక్షం నుంచి కనిపించే గ్రహాలను చాలాచోట్ల కొత్తగా గీశారు. అందువల్ల అప్పటి ప్రసారంలో ఏమి కనిపించిందో కచ్చితంగా చెప్పాలనుకునేవారు డీవీడీలను పారేయకూడదు. బొమ్మను వెడల్పు చేయకుండా అసలు 4:3 నిష్పత్తిలోనే ఉంచడం మాత్రం సరైన నిర్ణయం. వెడల్పు కోసం పైనా కిందా కత్తిరించి ఉంటే సెట్టు పైకప్పు, నేల రెండూ పోయేవి.

అదనపు కార్యక్రమాల్లో పునరుద్ధరణ ఎలా జరిగిందో వివరించే డాక్యుమెంటరీ మొదటి సీజనులో ఉంది, అది తప్పక చూడవలసినది. కొన్ని ఎపిసోడ్లకు మైకేల్, డెనీస్ ఒకూడా దంపతులు పాల్గొన్న వ్యాఖ్యానాలు ఉన్నాయి. ఫలకాల తయారీ గురించి ఇంత దగ్గరగా తెలిసినవారి మాటలు వినడం అదృష్టం. అయితే ఫ్లోరు ప్లాన్లు, సెట్ల కొలతల చిత్రాలు ఒక విభాగంగా చేర్చి ఉంటే ఈ సంచిక పరిశోధకులకు సంపూర్ణమయ్యేది. తెరమీది బొమ్మ నుంచి కొలతలు లెక్కగట్టడం ఎంత శ్రమో చేసినవారికే తెలుసు.

ఆన్‌లైనులో ఇదే పునరుద్ధరించిన బొమ్మ చూడవచ్చు కదా అని అడిగేవారికి నా సమాధానం ఒకటే: ఫ్రేము తరువాత ఫ్రేముగా కదిపి చూడటానికి డిస్కే అనువు, చీకటి మూలల్లో కుదింపు వల్ల వివరం చెరిగిపోవడం కూడా డిస్కులో తక్కువ. కొనాలనుకునేవారు అన్ని సీజన్లూ ఒకేసారి కొననక్కరలేదు. సెట్ల పుట్టుక తెలియడానికి మొదటిది, అవి కుదురుకున్న తీరు తెలియడానికి మూడోది చాలు. 9వ ఫ్లోరు కథ మాత్రం 1994తో ముగియలేదు. మరుసటి ఏడాది మొదలైన 'వాయేజర్' అనే మరో స్టార్ ట్రెక్ ధారావాహిక అక్కడి సెట్లనే మార్చి వాడుకుంది. ఆ ధారావాహికకు ఇలాంటి పునరుద్ధరణ జరగలేదు కనుక, ఆ నడవాల తరువాతి జీవితాన్ని మాత్రం డీవీడీలోని మసక బొమ్మలోనే వెతుక్కోవాలి.