షటిల్ పరుగా, ఆరువందల మీటర్ల పరుగా?

అనంతపురం బడుల్లో టీనేజీ పిల్లల గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం కొలవడానికి ఈ రెండూ అందుబాటులో ఉన్నాయి. షటిల్ పరుగంటే ప్రతి బీప్‌లోపు అవతలి గీతకు చేరుతూ, ఇక అందుకోలేనంత వరకూ రెండు గీతల మధ్య అటూ ఇటూ పరుగెత్తడం.

ఖర్చు: 600 మీటర్లకు స్టాప్‌వాచీ, కొలిచిన ట్రాక్ చాలు. షటిల్‌కు 20 మీటర్ల ఎడంలో రెండు సున్నపు గీతలు, బీప్ వినిపించే స్పీకరు కావాలి.

శ్రమ: 600 మీటర్లలో మొదట్లోనే ఉరికి, ఆపై డొక్క పట్టుకుని నడిచే పిల్లలను ఎందరినో చూశాను, అక్కడ వారి ఓపిక కంటే వేగాన్ని అదుపు చేసుకోవడం తెలియకపోవడమే ఎక్కువగా నమోదవుతుంది. షటిల్‌లో వేగాన్ని బీపే నిర్ణయిస్తుంది: గంటకు 8.5 కిలోమీటర్లతో మొదలై, ప్రతి నిమిషానికీ ఆ వేగం గంటకు అర కిలోమీటరు చొప్పున పెరుగుతుంది.

ప్రమాదం: షటిల్‌లో ఎర్రమట్టి గరుసు మీద మలుపు తిరిగేటప్పుడు కాలు జారవచ్చు. ఉబ్బసమున్న పిల్లలకు రెండింటికీ డాక్టరు సలహా తప్పనిసరి.

ఇరుకు ఆవరణ ఉన్న బడికి షటిలే మేలు. కేంద్ర ప్రభుత్వ క్రీడా కార్యక్రమమైన ఖేలో ఇండియాలో పిల్లల ఫిట్‌నెస్ నమోదుకైతే 600 మీటర్లే పెట్టాలి.